బ్లేడుతో గీకిన ఊరు

తెల్లారగట్ల నాలుగున్నరకి
మద్దిలపాలెంలో జీపు ఆగి ఉంది.
డ్రైవరు అప్పలసూరి బంపరుకి నిమ్మకాయ కడుతున్నాడు.
గైడు పాంగి సుక్రు టార్చిలైటు వెలుగులో పేర్లు చదివాడు.
బ్యాంకు దంపతులు, కెమెరా కుర్రాళ్ళు ముగ్గురు,
ఆఖర్న నేను.
"తాతగారూ, ముందు సీట్లో కూకోండి,
ఘాటీలో వాంతులవ్వవు."

ఘాటీ నాకు కొత్త కాదన్నాను.
అబద్ధం కాదు. నిజమూ కాదు.
ముప్ఫయ్యొక్క ఏళ్ళు సర్వే ఆఫీసులో
ట్రేసింగు గుడ్డ మీద ఈ కొండల్నే గీశాను.
గోధుమరంగు సిరా, సూదిలాంటి పాళీ,
గీతకీ గీతకీ మధ్య వెంట్రుకవాసి.
గీతలు దగ్గరపడితే నిటారని
చేతికి తెలుసు,
కడుపుకి తెలీదు.

మాడుగుల దాటాక తెలిసింది.
రోడ్డు, తోక వెంటపడ్డ కుక్కలాగ
తన చుట్టూ తనే తిరుగుతూ ఎక్కుతోంది.
అమ్మవారి పాదాల దగ్గర అందరం దిగి చిల్లర వేశాం.
అప్పలసూరి ఇంజనుకి కూడా బొట్టు పెట్టాడు.

"అదిగో లోయ, పది నిమిషాలు, ఫొటోలు తీసుకోండి."
లోయ లేదు.
ఉతికి పిండని గుడ్డలా మంచు.
కుర్రాళ్ళు ఆ తెలుపునే ఫొటో తీశారు.
దాని కింద ఏముందో నేను చెప్పగలను,
తొమ్మిది వందల మీటర్ల గీత, ఒక వాగు,
వాగు ఎడమ ఒడ్డున రెండు చుక్కలు.
ఎవరూ అడగలేదు.

వలిసె పూల చేలో నిలబడడానికి
మనిషికి ఇరవై రూపాయలు
ఓ పిల్ల వసూలు చేసింది.
చిల్లర లేదంటే
నోటు ఎండలో పెట్టి చూసి మరీ తీసుకుంది.

మధ్యాహ్నానికి తారు అయిపోయింది.
తరవాత కంకర. తరవాత అదీ లేదు.
మిగిలింది నడిచాం.

"జీలుగులపుట్టు. మాయమ్మ పుట్టినూరు.
టూరు కాయితంలో నేదు బాబూ.
గవర్నమెంటు మ్యాపులోనూ నేదు,
అందుకే రోడ్డు రానేదంటారు."

ఎనభై ఆరు, జూన్ నెల, కరెంటు పోయిన మధ్యాహ్నం.
పదకొండు వందలు అని అంకె వెయ్యడానికి చోటు చాలక
ఒక చుక్కని బ్లేడుతో గీకాను.
గుడ్డ చిరక్కుండా, పొడి ఊదేసి,
గోటితో నున్నగా రుద్ది
టీ తాగడానికి వెళ్ళాను.
అంకె ముచ్చటగా కుదిరిందని
మా ఆఫీసరు మెచ్చుకున్నాడు కూడా.

సుక్రు మేనత్త సొంబారి
ఆనపకాయ బుర్రతో చోడి అంబలి పోసింది.
తాగి, చెప్పేశాను.
ఎందుకు చెప్పానో తెలీదు.
సుక్రు వాళ్ళ మాటలో ఆవిడకి చెప్పాడు.
ఆవిడ నవ్వింది, చుట్ట తీసి మరీ నవ్వింది.

"ఫారెస్టోళ్ళు ఏ మ్యాపు చూసొచ్చారంటోంది.
సారా కుండలు బద్దలుగొట్టినోళ్ళు
ఏ మ్యాపు చూసొచ్చారంటోంది.
రావాలనుకున్నోళ్ళు వచ్చీసారు కదా అంటోంది."

ఇంకో మాట కూడా అన్నాడు.
"మాయమ్మ డోలీలోనే పోయింది. తారురోడ్డు అల్లంత దూరం."
అప్పటికి ఆవిడ నోరు విప్పలేదు.
బుర్ర కడుక్కుంటోంది.

కెమెరా కుర్రాడు ఫోను చూసి
ఎత్తు పదకొండు వందల నాలుగు మీటర్లని అరిచాడు.
నాలుగే తేడా.
అంకె నేను సరిగ్గానే వేశాను.

దిగేటప్పుడు ముందు సీటు బ్యాంకావిడకి ఇచ్చి
వెనక కూచున్నాను.
వెళ్ళిపోయిన మలుపులన్నీ
మళ్ళీ పైకి తేలి కనబడుతున్నాయి.
"ఏటి తాతగారూ, వాంతులొస్తన్నాయా?"
లేదన్నాను.
మాడుగుల దీపాలు కనబడగానే జీపు ఆపమన్నాను.
హల్వా కోసమనుకుని
అప్పలసూరి సరిగ్గా కొట్టు ముందే ఆపాడు.