పచ్చ అనే ఒక్క మాట

నవంబరు. మధ్యాహ్నం మూడింటికే చీకటి.
తైస్తో తన సీసాని పేపర్లో చుట్టి తెచ్చాడు,
ఆటల పేజీ పైకి వచ్చేలా.
నలభై ఏళ్లు ఈ సరస్సుల మీద
దుంగల తెప్పల్ని లాగిన పడవకి సరంగు;
అరచేతిలో ఇమిడే సీసాకి చోటు దొరక్క
కోటు లోపల పెట్టుకున్నాడు, పక్షిపిల్లని తెచ్చినట్టు.
"ఇంకా వెచ్చగానే ఉంది," అన్నాడు, క్షమించమన్నట్టు.

సైమి నవ్వలేదు.
ఇరవై ఆరేళ్లుగా ఈ ఊరి సిగ్గునంతా
చేతితొడుగులతో అందుకుంటున్న మనిషి.

మూడు వారాల కిందట
ఒడ్డున ఉన్న చెక్క ఇంటికి చలికాలపు తాళం వేసి వద్దామని
వెళ్లారు మొగుడూ పెళ్లామూ.
కట్టెల కొట్టంలో ఆయన చీపురు పట్టాడు.
"ముందు నీళ్లు చల్లు," అంది హిల్కా తలుపు దగ్గర నిలబడి.
ఆయన వింటే కదా.

ఇది చిట్టెలుకల ఏడు.
నాలుగేళ్లకోసారి అడవి వాటితో పొంగుతుంది,
గుడ్లగూబ గూటిలో ఒక్క పిల్లా పస్తు పడుకోదు.
కట్టెల మధ్య ఎండిన వాటి ఉచ్చ, ధూళిగా లేచి
పలకల సందులోంచి పడ్డ ఎండబద్దలో మెరిసింది.
చూడ్డానికి బాగుందట కూడా.

తర్వాత జ్వరం. నడుం ఎవరో గొడ్డలితో చీల్చినట్టు.
ఒక రాత్రి అవతలి ఒడ్డు దీపం
దూదిపింజలా విచ్చుకుపోయింది;
సరంగు మొదట భయపడింది దానికే.

ఉచ్చలో వచ్చిన జబ్బు
ఉచ్చలోనే తన సంగతి చెప్పుకుంటుంది.

పుల్ల మీద పది చిన్న గళ్లు.
సైమి ముంచింది, అంచుకి తుడిచింది,
అరవై లెక్కపెట్టింది,
గడియారం వైపు చూడకుండా, అమ్మమ్మ నేర్పిన
కరేలియా అంకెల్లో.

నేను రాస్తున్న ఈ భాషలో
పసుపుని పచ్చ అనొచ్చు, ఆకునీ పచ్చ అనొచ్చు,
ఎవరూ తప్పు పట్టరు.
ఆ గదిలో కుదరదు.
ఆ పచ్చకీ ఈ పచ్చకీ నడుమ
ఒక మనిషి మూత్రపిండాలు రెండూ ఉన్నాయి.

ముప్పై దగ్గర లేత నిమ్మ.
నలభై దగ్గర నాచు.
అరవైకి, చలికాలం ముందటి సరస్సు రంగు.
మూడు ప్లస్సులు. పక్క గడిలో రక్తపు జాడ.

ఫోన్లో కుర్ర డాక్టరు:
"క్రియాటినిన్ మామూలుగానే ఉందిగా, ఇంటికి పంపిద్దామా?
వైరస్ పరీక్ష రేపు వస్తుంది."
"రేపటి సంగతి నాకు తెలీదు," అంది సైమి.
"నా చేతిలో పుల్ల ఉంది. మూడు ప్లస్సులు."
కాసేపు తీగలో గాలి.
"మంచం చూడమనండి."

హిల్కాకీ జ్వరమే. ఆమె పుల్ల కూడా ముంచారు.
నిమ్మ దగ్గర మొదలై నిమ్మ దగ్గరే ఆగింది.
ఒకే కొట్టం, ఒకే ధూళి.
నొప్పి మాత్రలు మింగొద్దని చెప్పి ఇంటికి పంపితే
సంతోషించాల్సింది పోయి
"నేను తలుపు దగ్గరే ఉన్నాను," అంది,
మళ్లీ అదే మాట, ఎవరో నిందించినట్టు.

నాలుగో రోజుకి నెత్తుట్లో అంకెలు లేచాయి.
మంచం పక్క సీసాలో అడుగు కూడా తడవలేదు.
దీనికి మందు లేదు;
తాగింది కొలవడం, పోసింది కొలవడం,
పొద్దున్నే త్రాసు ఎక్కించడం.
హిల్కా ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడగదు,
"ఎంత?" అంటుంది.
"గుక్కెడు," అంటుంది నర్సు.
ఆ ఒక్క ముక్కా విని పెట్టేస్తుంది.

తొమ్మిదో రాత్రి మూడింటికి
వార్డంతా లేచేలా గంట మోగింది.
తైస్తో మంచం మీద కూర్చుని
నిండిన సీసాని లాంతరులా ఎత్తి పట్టుకున్నాడు.
"ఇంకోటి తెండి! త్వరగా!"
తెల్లారేలోపు నాలుగు.
మంచు కరిగే నెలలో ఆనకట్ట మీది మనిషిలా
ఒక్కో సీసా లెక్కపెట్టి, పేరు పేరునా పొగిడాడు.

ఇంటికెళ్లే రోజు ఆయనే దిగొచ్చాడు ల్యాబుకి,
సీసాకి ఈసారి పేపరు లేదు.
అరవై అంకెలూ పక్కనే నిలబడ్డాడు.
"నా కళ్లని నేనింకా నమ్మను. ఏ రంగు?"
"పసుపు," అంది సైమి, చెత్తబుట్ట వైపు చెయ్యి చాస్తూ.
"ఉండు," అన్నాడు. చెయ్యంత దూరం పట్టి చూశాడు.
దగ్గరికి తెచ్చుకుని చూశాడు.

బయట కార్లో హిల్కా.
ఒళ్లో నీళ్లు చల్లే కొత్త డబ్బా,
ధర చీటీ ఇంకా ఊడదీయలేదు.