తల తూకం

రాయపురంలో మందుల షాపు మేడ మీద గది.
పాపకి తలనొప్పని తీసుకెళ్లాను.
ఎళిలరసి గారు మందు రాయలేదు,
మెటికలు విరిచినట్టు మెడా విరవలేదు.
హంసిని తల కింద రెండు చేతులూ పెట్టి
పాలు ఎప్పుడు పొంగుతాయా అన్నట్టు
ఊరికే కూర్చున్నారు.
మూల నిలబెట్టిన వెన్నెముక బొమ్మకి
ఆయుధపూజ నాటి కుంకుమ ఇంకా ఉంది.
కింద బస్సు హారన్.
పాప నిద్రపోయింది, నోరు తెరుచుకుని.

"మీరూ పడుకోండి" అన్నారు, నా భుజాలు చూసి.
నాకేం, అన్నాను.

హార్బరులో క్రేను నాది.
ఇరవై రెండేళ్లుగా అద్దాల గదిలోంచి
మెడ వంచి కిందికే చూపు.
ముప్పై టన్నుల పెట్టెని
గుడ్డులా దించగలను ఓడలోకి.

"బరువు నాకు వదిలేయండి."
వదిలాననే అనుకున్నాను.
"లేదు, ఇంకా మీరే మోస్తున్నారు."

ఎంతసేపో తెలీదు.
మెడలో ఎక్కడో ఒక కొక్కెం
తనంతట తాను జారింది.
ఇన్ని సరుకులు ఎత్తి దించినవాణ్ణి,
నా తలకాయ ఎంత బరువో
ఆ అరచేతుల్లో తెలిసింది.

మెట్లు దిగుతూ పాప అంది:
"నాన్నా, నువ్వు గురక పెట్టావు."