విశ్రాంతి, ముప్పై సెకన్లు

డండీలో నవంబరు. నాలుగింటికే చీకటి.
ల్యాబ్‌లో హీటరు దగ్గుతోంది.
పదకొండో మనిషి, మోరాగ్ గెలాట్లీ,
సెన్సర్ల టోపీ కింద బుద్ధిగా కూర్చుంది.

పేలు చూసినట్టు
తెల్లజుట్టు పాయలు పాయలుగా విడదీసి
ఒక్కో దీపానికీ కాస్త చర్మం వెతికాను.
"నా తల ఎవరైనా ముట్టుకుని ఎన్నేళ్లయిందో" అంది.
ఫారంలో దానికి గడి లేదు.

రక్తం పరుగెత్తితే తెరమీద గీత లేస్తుంది.
నుదుటిరాత చదువుతావా అని వెక్కిరిస్తారు స్నేహితులు.
నాకొచ్చింది కూడికలూ తీసివేతలే.

వెయ్యిలోంచి ఏడేసి తీసేయమన్నాను.
గీత ఉలకలేదు.
ముప్పై ఏళ్లు బస్సులో చిల్లర లెక్కపెట్టిన బుర్ర.

"ఇప్పుడు విశ్రాంతి. ముప్పై సెకన్లు
ఏమీ ఆలోచించకండి."

అప్పుడు లేచింది,
పాలు పొంగినట్టు.

వైరు వదులైందా? లేదు.
ఆమె దగ్గలేదు, కదల్లేదు.
ఏమైందని అడగడం స్క్రిప్టులో లేదు.

టోపీ తీశాక నుదుటి మీద
ముగ్గు వేయడం మరిచిన చుక్కలు.
కోటు గుండీలు పెట్టుకుంటూ తనే అంది:
"ఏమీ ఆలోచించకుండా ఉండటం
నీకు వచ్చా, అమ్మాయ్?"

రాత్రి ప్రోగ్రాం ఆ ముప్పై సెకన్లనీ
చెత్త కింద కట్టి
తీసేయనా అంది.
ఆగమని, టోపీ నేనే పెట్టుకున్నాను.
నా ఒత్తు జుట్టు దాటి వెలుగు లోపలికి పోలేదు.
సిగ్నల్ లేదు, అంది తెర.

ఇదంతా థీసిస్‌లో ఏ అధ్యాయంలో రాయాలో
గైడుని ఇంకా అడగలేదు.
ఫైలు మాత్రం తీసేయలేదు.