తరుగు

మిర్చి యార్డులో ఎవరు ఏడ్చినా
ఎవరికీ తెలియదు.
ఫిబ్రవరి వస్తే గుంటూరులో అందరి కళ్ళూ ఎర్రనే.

నేను కాటా దగ్గర కూర్చుంటాను.
టిక్కీ ఎక్కుతుంది, అంకె వెలుగుతుంది,
చీటీ మీద రాస్తాను.
ఆరేళ్ళుగా ఇదే పని.

నాకో కోరిక ఉంది, చిన్నదే.
సంగడిగుంటలో మా ఇంటి ముందు, రేకుల పంచలో
ఒక కారం మిల్లు.
రంగు కలపని, నూనె పుయ్యని కారం,
తల్లి భయం లేకుండా పిల్లాడి ముద్దలో కలిపేది.
పేరు కూడా అనుకున్నాను, చెప్పను,
బోర్డు మీద పడుతుందో లేదో ఇంకా కొలవలేదు.
డబ్బాలో ముప్పై ఎనిమిది వేలు.
రోజూ రాత్రి ప్రార్థనలో దేవుడికి గుర్తుచేస్తాను,
ఆయన మరిచిపోతాడని కాదు,
నేను మరిచిపోతానేమోనని.

గుమాస్తా శేషగిరి చెడ్డవాడు కాదు.
మా నాన్న పోయినప్పుడు పెట్టె ఖర్చు తనే కట్టాడు.
అందుకే ఆ సాయంత్రం వంగి, మెల్లగా,
"టిక్కీకి రెండు కేజీలు, రూతమ్మా,
తేమ తరుగని రాయి. అందరూ రాసేదే" అంటే
నాకు నోరు పెగల్లేదు.
పద్నాలుగు టిక్కీలు. దుర్గి నుంచి వచ్చిన చెన్నకేశవులు.
ఆయన అంకె చూడలేదు, నా మొహం చూశాడు.
"నువ్వు రాశావుగా తల్లీ, చాల్లే."

నా వాటా అయిదు వందలు.
దాంతో మిల్లుకి బెల్టు కొన్నాను.
మిల్లు లేదు, బెల్టు ఉంది.
గోడ మేకుకు తగిలిస్తే
నల్లగా నోరు తెరిచి వేలాడింది.

నెల మొదటి ఆదివారం. బల్ల దగ్గరికి వరుస కదిలింది.
అమ్మ మోచేత్తో పొడిచింది.
నేను లేవలేదు.
"ఒంట్లో బాలేదా?"
"కాళ్ళు తిమ్మిరి."
అబద్ధం కూడా లారీలో సరుకే,
ఒకటి దించితే వెనక ఇంకోటి.

ఇంటికొచ్చి బైబిలు తీశాను.
త్రాసు గురించిన మాట కింద ఎర్ర పెన్సిలు గీత.
అమ్మకి చదువు రాదు.
పాస్టరుగారు చదువుతుంటే ఆపి, ఏదీ చూపించమని,
తనే గీసుకుందట.
తొడిమలు తీసిన చేతులు ఆమెవి, కూలి కేజీల లెక్క మరి.

లెక్క వేశాను.
ఇరవై ఎనిమిది కేజీలు, ఆనాటి ధర నూట ఎనభై,
అయిదు వేల నలభై.
మేడిచెట్టు దిగిన ఆ పొట్టి మనిషి నాలుగింతలిచ్చాడు.
నాలుగింతలంటే నా మిల్లు పుట్టకుండానే పోతుంది ప్రభువా,
ఒకింతతో సర్దుకో
అని బేరమాడాను. యార్డు బుద్ధి.

మాచర్ల బస్సు, అక్కణ్ణుంచి ఆటో.
చెన్నకేశవులు గొడ్ల సావిట్లో ఉన్నాడు.
అంతా చెప్పాను, శేషగిరి పేరు తప్ప.
అది సరైన పనో కాదో నాకిప్పటికీ తెలియదు.
ఆయన తిట్టలేదు. పోనీలే అని కూడా అనలేదు.
వేలు తడి చేసుకుని నోట్లు లెక్కపెట్టాడు,
మళ్ళీ లెక్కపెట్టాడు.
ఆ రెండోసారి నాకు తగినదే.
"బస్సు చార్జీ ఎంతయింది?"
చెప్పాను.
ఇవ్వలేదు, ఊరికే తెలుసుకున్నాడు.
ఆయన భార్య మాత్రం చెంబుతో మంచినీళ్ళు తెచ్చింది.

శేషగిరి ఇప్పుడు నాతో మాట్లాడడు.
సరుకు ఎక్కువొచ్చిన రోజు నన్ను గోడౌనులోకి పంపుతాడు,
రోజుకి వంద తక్కువ.
మిల్లు ఇంకో ఏడాది వెనక్కి జరిగింది.

ఈ నెల బల్ల దగ్గరికి వెళ్ళాను.
రొట్టెముక్క నాలుక మీద పెట్టుకుంటే
వేళ్ళకున్న మిర్చి ఘాటు చురుక్కుమంది.
ఎంత తోమినా పోదది.

బెల్టు మేకుకే ఉంది.
దాని బాకీ తీరింది కనక ఇప్పుడది నాదే.
లైటు తీసేముందు ఒకసారి లాగి చూస్తాను.
బిగువు తగ్గలేదు.