ఎడమ పక్కది

నిన్న రాత్రి డులూత్ కొండ దిగుతుంటే
సరస్సు దాకా నా వెనకే వచ్చాడు ఆర్విడ్,
హెడ్‌లైట్లు ఆర్పుతూ, వెలిగిస్తూ.
కంచె గొడవయ్యాక మూడేళ్లకి
అతను నాతో అన్న మొదటి మాట:
"నీ ఎడమ పక్కది పోయింది."

ఇవాళ సున్నాకి తొమ్మిది కింద.
మా ఆయన ఇనప ఖనిజం ఓడ మీద,
పిల్లలు బళ్లో.
వెనక తలుపు పైకెత్తి
పదో నంబరు పానాతో రెండు మరలు విప్పాను.
ఒకటి బంపరు సందులోకి జారింది. పోనీ.
గట్టిగా లాగితే
పాలపన్నులా ఊడొచ్చింది ఎర్ర గూడు,
లోపల నిరుటి బర్చ్ ఆకొకటి.

బల్బు పావు చుట్టు ఎడమకి.
గాజుకి లోపల మసి.
చెవి దగ్గర ఊపి చూశాను:
తెగిన తీగ,
చీమ కాలికి గజ్జె కట్టినట్టు.

కొత్తది పెట్టి
సీట్లోకెక్కి బ్రేకు తొక్కాను.
అప్పుడు గుర్తొచ్చింది,
పదకొండేళ్లుగా తోలుతున్న బండి
ఆగేటప్పుడు ఎలా ఉంటుందో
నేనెప్పుడూ చూడలేదు.
తొక్కితే కనిపించదు.
దిగితే ఆరిపోతుంది.

మంచు పార గీసుకుంటున్న చప్పుడు.
అద్దంలో ఆర్విడ్,
మా వాకిలి చివర, వీపు నావైపు.
పిలవనా?
కిటికీ దించి
"వెలుగుతోందా?" అన్నాను, పేరు పెట్టకుండా.

తిరిగాడు. దగ్గరికొచ్చాడు.
అతని గడ్డం మీది మంచు
ఒక పక్కన ఎర్రబడింది.
తొందరేం లేదన్నట్టు చూశాడు చాలాసేపు.

"వెలుగుతోంది" అన్నాడు.
పార భుజానికెత్తుకుని, నాలుగడుగులేసి,
"కుడి పక్కది మసగ్గా ఉంది."

కాలు ఇంకా తీయలేదు నేను.