కాకిబంగారం

పియానో వాయించేవాళ్ళ వాద్యం వాళ్ళ వెంట రాదు.
వయొలిన్ ఆయన పెట్టె ఒళ్ళో పెట్టుకొని రైలెక్కుతాడు,
నేను రెండు చేతులూ ఊపుకుంటూ దిగుతాను.
ఏ ఊళ్ళో ఏది దొరికితే దాంతోనే సంసారం:
పెడల్ కిర్రుమనేది,
తేమకి ఒక మీట కిందికి దిగి పైకి రానిది,
లోపలి ఉన్నిని ఎలుకలు కొరికింది.

ఇరవై తొమ్మిదేళ్ళు.
మద్రాసు హోటల్లో భోజనాల వేళ వాయించాను,
ఫోర్కుల చప్పుడు తాళం తప్పిస్తుంటే.
బాలే నేర్చుకునే పిల్లలకి రోజుకు ఆరు గంటలు,
అవే పదహారు మాత్రలు.
తర్వాత కొలోన్, తర్వాత ఓస్లో,
తర్వాత పోస్టరు మీద నా పేరు, ఒక అక్షరం తప్పుగా.
తర్వాత కుడి మణికట్టులో ఒక నరం.
డాక్టరు ఆర్నెల్లు ఆపమన్నాడు.
పదకొండు రోజులు ఆపాను.

అమ్మది సైదాపురం గనుల పక్కన రేకుల షెడ్డు.
కాకిబంగారం దిమ్మెని కత్తిమొనతో ఒలిచి
పొరలో పొర, పొరలో పొర,
వేలికి ఆనీ ఆననంత పలచన చేసి
రకాల వారీగా తట్టల్లో పోసేది.
కూలి తూకానికి.
ఇంటికొస్తే జుట్టంతా మినుకులు.
దీపం ముందు తల దువ్వుకుంటే
గోడ మీద చుక్కలు కదిలేవి.
అన్నంలోనూ ఒకటో రెండో తగిలేవి.
"తినుమే, బంగారం కడుపులోకి పోతే మంచిదేలే."
మంచిది కాదు. దగ్గుతోనే పోయింది,
నేను నాలుగో గ్రేడు పరీక్షకి కూర్చున్న ఏడు.

మిషన్ ఆసుపత్రి చాపెల్లో నాకు మీటలు చూపించిన
జెస్సీ టీచరమ్మ
నా వేలికొసల మీద గీతలేంటని అడిగింది.
సెలవుల్లో నేనూ ఒలిచేదాన్ని.
పిల్లి గీకిందన్నాను.

మొన్న శనివారం నెల్లూరు టౌన్ హాలు.
మొదటి సగం మూడొందల ఏళ్ళ నాటి జర్మను సంగీతం.
నచ్చింది, లేదా నచ్చినట్టు కూర్చున్నారు.
రెండో సగం ఫిన్లాండు నించి కాయా అనే ఆమె రాసిన కొత్తది.
మంద్రం తీగెల మీద పలచటి కాగితం పరవమని రాసింది ఆమె.
ఆరేళ్ళుగా కాగితం బదులు నేను రేకులు పరుస్తున్నాను.
మంచు పగులుతున్న ధ్వని, అన్నాడు ఓస్లోలో ఒక విమర్శకుడు.
దూరపు యుద్ధం, అన్నాడు హాంబర్గులో ఇంకొకాయన.
ఇక్కడ నాలుగో వరసలో ఒకాయన ఫోను చూసుకున్నాడు.
ఫ్యాను గరగర. బయట ఆటో హారను, శ్రుతిలోనే.
ఇద్దరు లేచి వెళ్ళారు.
ఒక పిల్ల పెద్దగా అడిగింది,
"అమ్మా, పియానో చెడిపోయిందా?"

అంతా అయ్యి కుర్చీలు మడుస్తుంటే
ఒక ముసలామె చెప్పులు చేత్తో పట్టుకొని వేదికెక్కింది.
నమస్కారం పెట్టలేదు. చేతులు కలపలేదు.
బావిలోకి చూసినట్టు పియానోలోకి వంగి చూసింది.
"నేను ఈరమ్మని. మీ అమ్మ పక్క పీట నాది.
షెడ్డు తలుపు తీస్తే గాలికి కుప్పలు కదిలేవి చూడు,
ఆ సద్దే ఇది.
యాడ పట్టుకున్నావమ్మే?"

నాకు గొంతు పెగల్లేదు.
ఆమెకు జవాబు అక్కర్లేదు కూడా.
ఒక రేకు తీసి వెలుగుకి పెట్టి, పెదవి విరిచింది.
"రెండో రకం. మందం. అందుకే బుర్రుమంటా ఉండాది.
మీ అమ్మయితే దీన్ని తట్టలో కూడా ఎయ్యనిచ్చేది కాదు."

బొటనవేలి గోరు అంచున ఆనించింది.
ఒకటి రెండయింది, చప్పుడు లేకుండా.
రెండూ తీగెల మీద పరిచి
"ఊఁ, ఇప్పుడు కొట్టు" అంది.

వాచ్‌మన్ తాళాలు గలగలలాడిస్తున్నాడు.
లైట్లు సగం ఆర్పేశారు.
కూర్చున్నాను.