సూదిబాబు

నరసన్నపేట ఆసుపత్రిలో
ఇరవై రెండేళ్లుగా నా పని సూది.
అసలు పేరు కూర్మారావని
జీతం బిల్లుకి తప్ప ఎవరికీ గుర్తులేదు.
సంతలో కవళ్లు బేరమాడుతుంటే
ఎవరి చంకలోదో ఒక పసిగుంట
నన్ను చూసి గుక్కపడుతుంది.
చేపలామె జాలిపడి
నాలుగు ఎక్కువ వేస్తుంది,
నాకు కాదు, ఆ గుంట తల్లికి.

"ఓలమ్మ, నొప్పెడతాదేటి బాబూ?"
అడగని మనిషి లేడు.
చీమ కుట్టినట్టుంటుంది, అనేవాణ్ణి.
జలుమూరు నుంచొచ్చిన దాలమ్మ ఒకసారి
చీర సర్దుకుంటూ అంది కదా,
"మీ ఊరి చీమలకి కోరలుంటాయేటి?"
ఆ రోజుతో చీమను మానేశాను.
"కొంచెం నొప్పెడతాది" అని
ఉన్నమాటే చెబుతున్నాను.
విచిత్రం, అప్పట్నుంచి తక్కువ అరుస్తున్నారు.
ఈ ముక్క నాకు ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు.

మా యామినికి పదకొండో నెలలో చెవులు కుట్టించాం.
కంసాలి సూరన్న దీపం ముందు
బంగారు తీగ తుడుస్తున్నాడు.
పిల్ల నా ఒళ్లో కూచుని
నా జేబులో పెన్ను నములుతోంది.
కుడి చెవి అయ్యింది.
ఎడమ చెవి నేను చూడలేదు.
కళ్లు తెరిచేసరికి మొహం నిండా నీళ్లు,
చుట్టూ చుట్టాల కాళ్లు,
ముక్కు దగ్గర మా బావమరిది, వాడి చేతిలో
సగం కోసిన ఉల్లిపాయ.
యామిని ఏడుపాపేసి
నన్నే చూస్తోంది,
కింద పడ్డ కొత్త బొమ్మని చూసినట్టు.

ఆ కబురు నాకన్నా ముందే డ్యూటీలో చేరింది.
సోమవారం నా కుర్చీలో
ఎవరో ఓఆర్ఎస్ ప్యాకెట్టు పెట్టారు.
హెడ్ నర్సు సరోజినమ్మ
ఈ రోజుకీ ఒప్పుకోదు.

పిల్లాడు లోహిత్ తొలి అడుగు వేసిన రాత్రి
నేను తేలుకాటు కేసు దగ్గరున్నాను.
మా ఆవిడ ఫోను చేసి
మాట్లాడకుండా నేలకి ఆనించింది.
టప్. టప్.
కొంచెం ఆగి, టప్.
తర్వాత ధబ్బుమని ఒకటి, రాగం ఒకటి.
మంచం మీది ఎర్రన్న తాత
కాలు పట్టుకునే అడిగాడు, "ఎన్ని?"
"మూడు."
"నాలుగోది?"
"పడ్డాడు."
"పడతాడు, పడతాడు" అని బోసినోటితో నవ్వి,
తేలు మళ్లీ గుర్తొచ్చి
"ఓలమ్మో" అన్నాడు.
ఓపీ చీటీ వెనక రాసుకున్నాను:
మూడడుగులు, రాత్రి తొమ్మిదీ పది.
ఆ చీటీ ముందువైపు
ఎవరిదో విరేచనాల మందు.
ఇంట్లో బీరువా నిండా ఇలాంటివే.
తొలి పన్ను వెనక దగ్గు సిరప్పు,
బడిలో చేరిన రోజు వెనక గజ్జి ఆయింట్‌మెంటు.
ఆవిడ వాటికి ఒక ఆల్బమ్ కొంటానంటుంది.
ఎనిమిదేళ్లుగా కొంటూనే ఉంది.

మొన్న దొడ్డి కంచె తీగ
అరికాల్లో దిగింది.
రోజూ నేను నిలబడే గదిలో
నన్ను స్టూలు మీద కూచోబెట్టారు.
అక్కణ్ణుంచి చూస్తే
ట్రే ఎంత ఎత్తున ఉంటుందో
నాకిన్నాళ్లూ తెలీదు.
సరోజినమ్మ సిరంజి తీసి
నా వైపు రాలేదు.
పక్కనున్న తెల్లకోటు పిల్లకి అందించింది.
నర్సింగు రెండో ఏడు, పోస్టింగుకొచ్చి నాలుగు రోజులు,
చెవులకి చిన్న రింగులు,
ఎడమది ఒక వెంట్రుకవాసి కిందకి.

"చొక్కా చెయ్యి పైకి మడు నాన్నా."
మడిచాను.
గోడ మీద దోమల పోస్టరు
మొదటిసారి పూర్తిగా చదివాను.
"నొప్పెడతాదేటి?"
నా నోట్లోంచే వచ్చింది ఆ మాట.
స్పిరిటు దూది రాస్తూ, తలెత్తకుండా,
"కొంచెం" అంది.

పడిపోలేదు.
పడిపోలేదని రిజిస్టరులో రాయమంటే
సరోజినమ్మ రాయలేదు.

చెయ్యి రుద్దుకుంటూ బయటికొస్తే
బెంచీ మీద పసిగుంటడొకడు
గుక్కపట్టాడు.
అలవాటుగా తల దించుకుని
గోడ వారగా జరిగాను.
వాడు చూస్తున్నది
నా వెనక, గుమ్మంలోకి.